నాలుగు నిమిషాల ఆయాసం



కంటి పరీక్ష నిమిత్తం ఇటీవల సికిందరాబాదు వెళ్ళి పది దినములు అక్కడే ఉండవలసి వచ్చింది. మేము బస చేసింది మా చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి విరమించారు. చుట్టరికం ఏమీ లేకపోయినా హాస్టల్లో ఒకే గదిలో ఉన్ననాటి నుండి ఒకరినొకరం 'వదినా' అనే పిలుచుకుంటాము. ఆమె భర్త నాలుగేళ్ళ క్రితం గుండెపోటుతో పోయారు. ఇప్పుడు ఆమెకు షుగరు. డాక్టరుగారు ఒళ్ళు వంచకపోతే లాభం లేదన్నారట. ఇంటి దగ్గరే ఉన్న ఒక వ్యాయామశాలకు నెల రుసుము కట్టేసి, ఒక్కతే వెళ్ళడానికి సిగ్గుపడి, డబ్బు దండగ చేసుకుంటూ కూర్చున్నారు.

"నువ్వు తోడొస్తే రెండు రోజులు వెళ్తాను వదినా. ముసలమ్మ ఎగురుతోందని నవ్వితే ఇద్దరినీ చూసి నవ్వుతారు" అన్నారు.

ఒప్పుకున్నాము. ఒప్పుకోవడంలో కొంత గర్వం కూడా ఉన్నది. పొలం పనులు చేసిన చేతులు మావి, పట్నం పిల్లల గంతులు మాకొక లెక్కా అనుకున్నాము.

వాకిట్లో ఒక కుర్రవాడు మాకొక కాగితం ఇచ్చాడు. గుండె జబ్బు ఉన్నదా, బి.పి. ఉన్నదా, నడిస్తే ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్ళు తిరుగుతాయా, మందులు ఏమైనా వాడుతున్నారా అని వరుసగా ప్రశ్నలు. మేము ఆరేళ్ళుగా బి.పి. మాత్ర వేసుకుంటున్నాము. అయినా అన్నిటి ఎదుట 'లేదు' అని గీత పెట్టి ఇచ్చేశాము. ఎందుకని అడిగితే సమాధానం చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. వెనుక ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వయసు గడిలో యాభై ఆరు అని వేసిన తరువాత ఇంకొక లోపం కూడా రాయబుద్ధి కాలేదు. వదిన మాత్రం పక్కనే కూర్చుని కళ్ళజోడు సవరించుకుంటూ షుగరు మాత్రల పేర్లతో సహా అన్నీ రాస్తున్నారు.

లోపల పద్నాలుగు మంది ఉన్నారు. చెవులు గింగురుమనే పాట పెట్టారు. శిక్షకుడు పాతికేళ్ళ అబ్బాయి, విజయనగరం వైపు వాడు. ఇరవై సెకండ్లు శక్తికొద్దీ చేయడం, పది సెకండ్లు ఆగడం, ఇట్లా ఎనిమిది సార్లు. లెక్క వేసుకుంటే నాలుగే నిమిషాలు. ఇంతేనా అనిపించింది. మూడవసారికి గోడ మీది గడియారంలో సెకండ్ల ముల్లు కదలడం మానేసిందేమో అనిపించింది.

ఈ లెక్క జపాను దేశం నుండి వచ్చింది. అక్కడి మంచు మీద స్కేటింగు చేసే జట్టుకు ఇరిసావా అనే శిక్షకుడు ఇట్లాంటి సాధన చేయిస్తుంటే, ఇజుమి తబాటా అనే శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి 1996లో ఫలితములు ప్రచురించారు. ఆరు వారాలు ఒక గుంపు రోజుకు గంటసేపు మధ్యస్థంగా సైకిలు తొక్కింది. మరొక గుంపు ఈ ఇరవై, పది లెక్కన ప్రాణం పెట్టి తొక్కింది. కొద్ది నిమిషాలు తొక్కినవారికి గంటసేపు తొక్కినవారికంటె తక్కువ మేలేమీ జరగలేదు. ఆ మాట లోకమంతా పాకి ఇట్లాంటి తరగతులు పుట్టుకొచ్చాయి. అయితే ఆ పరీక్షకు కూర్చున్నవారు వ్యాయామవిద్య చదువుకునే యువకులు. మోకాళ్ళు అరిగిన మా ఈడువారు కారు. ఈ సంగతి గోడ మీద అంటించిన రంగుల కాగితంలో ఎక్కడా లేదు.

మధ్యలో 'బర్పీ' అనేదొకటి చేయించారు. గొంతుక్కూర్చుని, చేతులు నేలకు ఆనించి, కాళ్ళు వెనక్కి తన్ని, మళ్ళీ ముందుకు లాక్కుని, లేచి ఎగరాలి. ఇది అమెరికాలో బర్పీ అనే ఆయన 1930లలో మనిషి దేహదారుఢ్యం తెలుసుకోవడానికి కల్పించిన చిన్న పరీక్ష. మొదట అందులో ఎగరడం లేదు, నాలుగే సార్లు చేయించేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంవారు తీసుకుని పెంచారు. మాకు మాత్రం అది మన దండీలు, బస్కీలు కలిపి కుట్టినట్టు తోచింది. ఆ మాటే శిక్షకుడితో అంటే, "మా ఊళ్ళో కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటారమ్మా" అన్నాడు. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ మల్లుడి పేరు ఆ పాటల హోరులో వినడం సంతోషం కలిగించింది. మా స్కూల్లో డ్రిల్లు మాష్టారు కూడా జ్ఞాపకం వచ్చారు. హెచ్.సి. బక్ అనే అమెరికా దొర 1920లో మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివిన మనిషి ఆయన. ఈల తప్ప పాట ఎరుగరు. ఆయన చేయించినవి, వీళ్ళు చేయించేవి చాలావరకు ఒకటే. పేర్లు మారాయి, రుసుము పెరిగింది.

రెండవ విడతలో నేల మీద నుండి గబుక్కున లేచాము. దీపాలన్నీ ఒక్కసారి దూరం జరిగిపోయినట్టయింది. పాట ఎక్కడో బావిలో నుండి వినిపించింది. పడిపోలేదు గాని, వదిన భుజం దొరకకపోతే పడిపోయేవాళ్ళమే. ఆమె మమ్మల్ని గోడవారకు తీసుకుపోయి, పడుకోబెట్టి, కాళ్ళ కింద చాపలు చుట్టి ఎత్తుగా పెట్టి, మణికట్టు పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. నాడి చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది.

"ఇంత ఆయాసపడుతున్నావు, నాడి ఇంత నెమ్మదిగా ఉందేమిటి? ఏం మాత్ర వేసుకుంటున్నావు వదినా?"

"ఏ మాత్రా లేదే" అన్నాము.

ఆమె మరేమీ అనలేదు. "నా దగ్గర కూడానా?" అన్నారు, అంతే.

అప్పుడు చెప్పాము. మేము వాడే రకం మాత్ర గుండె వేగాన్ని అదుపులో పెడుతుందట. అందుచేత ఎంత ఎగిరినా నాడి మామూలుగా పెరగదు. వయసును 220లో నుండి తీసివేసి గుండె ఎంత వేగం వరకు కొట్టుకోవచ్చునో చెప్పే సామాన్య లెక్క ఆ మాత్ర వేసుకునేవారికి పనికిరాదు. ఆ అబ్బాయి మా చేతికి కట్టిన గడియారం చూసి "ఇంకా చేయగలరమ్మా" అని ప్రోత్సహించడంలో అతని తప్పేమీ లేదు. తప్పుడు లెక్క ఇచ్చింది మేమే. అదీగాక బి.పి. మందులు వాడేవారు నేల మీద నుండి ఒక్కసారిగా లేస్తే నెత్తురు తలకు అందక కళ్ళు తిరగవచ్చును.

ఆ రాత్రి వదిన అన్నం సరిగా తినలేదు. చాలాసేపటికి చెప్పారు. వాళ్ళాయన పోయే ముందు వారం రోజులుగా మెట్లెక్కుతుంటే గుండె బరువుగా ఉన్నదట. ఆ సంగతి తోటి ఉద్యోగితో చెప్పుకున్నారు గాని ఇంట్లో చెప్పలేదు. "నర్సు పెళ్ళాం ఉండి ఏం లాభం వదినా, పరాయివాళ్ళ నాడి చూస్తూ కూర్చున్నాను" అన్నారు. మాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాము. క్షమించమని అడిగాము.

మరునాడు డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయారు. పరీక్షలన్నీ చేసి, ఎగరడం దుమకడం వద్దు, మిగిలినవి మెల్లగా చేయవచ్చును అన్నారు. నాలుగవ రోజు మళ్ళీ వెళ్ళి కాగితం కొట్టివేసి తిరిగి రాశాము. ఆ అబ్బాయి ఏమీ నవ్వలేదు. బర్పీకి బదులు కుర్చీలో కూర్చుని లేవడం, దండీలకు బదులు గోడకు చేతులు ఆనించి వంగడం చూపించాడు. అవి చేసినా చెమట పట్టింది, మరునాడు పిక్కలు పట్టేశాయి. మేము తిరిగి వచ్చేవేళకు వదినకు సిగ్గు వదిలింది, ఆ ఆడపిల్లలతో కబుర్లలో కూడా పడ్డారు.

ఊరికి వచ్చి ఈ సంగతి చెప్తే మా వీధిలోవారు తిన్నది అరగనివాళ్ళ పని అని నవ్వారు. అందులో సగం నిజం లేకపోలేదు. దినమంతా వంగి నాట్లు వేసే తల్లికి ఎవరూ ఎగరమని చెప్పనక్కరలేదు. ఆమెకు కావలసినది నడుముకు విశ్రాంతి. కాని మనలో ఎందరిమి ఇప్పుడు నాట్లు వేస్తున్నాము? రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చింది, బావి పోయి కుళాయి వచ్చింది, వీధి చివరకు కూడా ఆటో ఎక్కుతున్నాము. అన్నం మాత్రం పాత కొలతే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చెప్పిన ప్రకారం పెద్దలకు వారానికి తక్కువలో తక్కువ 150 నిమిషాల మధ్యస్థమైన శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ ఉండాలి. మాట్లాడగలిగి పాట పాడలేనంత ఆయాసమైతే మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే గట్టిది. గడియారం లేకపోయినా ఈ గుర్తు అందరికీ పనికివస్తుంది.

వదిన రాయమన్న మరొక మాట. గట్టి శ్రమ మొదలుపెట్టే ముందు బి.పి., షుగరు చూపించుకోండి. ముప్పై ఏళ్ళు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు. ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆపివేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అలవాటు లేనివారు మొదటి రోజే విపరీతంగా చేస్తే కండరాలు చితికి మరునాడు మూత్రం కాఫీరంగులో రావచ్చును. అది మూత్రపిండాలకు ప్రమాదం. మానేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆగక, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడవాలి.

ఇప్పుడు మేము ఉదయం వసారాలో ముక్కాలిపీట మీద పది సార్లు కూర్చుని లేస్తున్నాము. ఆదివారం సాయంత్రం వదిన ఫోను చేస్తారు. ముందు మా బి.పి. ఎంతో చెప్పాలి, తరువాత ఆమె తన షుగరు చెప్తారు. ఆ తరువాతే కబుర్లు. పోయిన వారం ఆమెది కొంచెం తగ్గింది. మాది పెరిగింది, మాగాయ పచ్చడి వలన. ఉన్నది ఉన్నట్టే చెప్పాము. పది నిమిషాలు తిట్టారు.