పులి మన ముత్తాత కాదు

అకల్ట్ పుస్తకాలు చదివే మిత్రుల నోట ఈ మధ్య ‘అటావిజం’ అన్న మాట తెగ వినిపిస్తోంది. ఎప్పుడో పోయిన పూర్వీకుల లక్షణం ఉన్నట్టుండి ఒక జీవిలో మళ్ళీ కనబడటం అని జీవశాస్త్రంలో దానికి అర్థం. లండన్ చిత్రకారుడు ఆస్టిన్ ఆస్మన్ స్పేర్ (1886–1956) దీన్ని మంత్రవిద్యలోకి లాక్కెళ్ళాడు. మన మనసు అడుగున జంతు పూర్వీకులు పొరలు పొరలుగా నిద్రపోతున్నారట. కోరికని అక్షరాలు కలిపి ఒక గుర్తుగా గీసి, దాన్ని మర్చిపోతే, అది అంత లోతుకీ దిగి వాళ్ళని లేపుతుందట. స్పేర్ బొమ్మలంటే నాకూ ఇష్టమే, ఆ గీత అలాంటిది. నా పేచీ అంతా “దీనికి సైన్సు కూడా ఒప్పుకుంటుంది” అనే మాటతో.

1913 నాటి ‘ది బుక్ ఆఫ్ ప్లెజర్’లో ఆయన ఉదాహరణగా ఇచ్చిన కోరిక, పులి బలం కావాలని. పులి మనకి పూర్వీకుడు ఎప్పుడయింది? దాయాది, అంతే. ఇద్దరికీ ఉమ్మడి తాత డైనోసార్లు తిరుగుతున్న రోజుల్లో బతికిన ఓ చిన్న ప్రాణి. నిజంగా వెనక్కి వెళ్తే దొరికేది చుంచెలుక బలం!

అసలు అటావిజం చూడాలంటే కోడి పళ్ళు చూడాలి. పక్షులకి పళ్ళు పోయి కోట్ల ఏళ్ళయింది. అయినా ‘టాల్పిడ్2’ అనే మ్యుటేషన్ ఉన్న కోడి పిండాల దవడల్లో, మొసలి పళ్ళని పోలిన మొలకలు ఉన్నాయని 2006లో తేలింది. అది పూర్వీకుల జ్ఞాపకమేం కాదు. పన్ను మొలిపించే సంకేతాల్లో చాలావాటికి ఈకల దగ్గరా కాళ్ళ దగ్గరా ఇప్పటికీ పని ఉంది, అందుకే మిగిలాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, పాత వెర్షన్ బ్యాకప్‌లో ఎక్కడా లేదు. ఇవాళ నడుస్తున్న కోడే తప్పు చోట నడిచింది. (కోడి, కోడు... శ్లేష కావాలని చేసింది కాదు.) ఇంకో సంగతి, ఆ పిండాలు గుడ్డులోంచి బయటికి రావు. పళ్ళు తెచ్చిన మ్యుటేషనే వాటిని చంపేస్తుంది. నిద్రపోతున్న శక్తి గురించి చెప్పేవాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు.

“సరదాకి కదా బాస్, ఎందుకంత సీరియస్” అంటారు. ఈ మాట ఒకసారి సరదా దాటింది కాబట్టి. 1876లో ఇటలీ డాక్టర్ లోంబ్రోసో, నేరస్తుడంటే మన మధ్య మళ్ళీ పుట్టిన ఆదిమానవుడేనని రాశాడు. పుర్రెలూ దవడలూ చెవులూ కొలిచి మరీ. మన దగ్గర ఎరుకలవాళ్ళ మీద తర్వాత మోపిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టింది ఆయన్ని చదివి కాదు, అది మొదట వచ్చింది 1871లోనే. కానీ తర్కం అదే: తాతలో ఉన్నది మనవడిలో లేస్తుంది. ఏ నేరమూ చెయ్యకుండానే పోలీసు రిజిస్టర్లో పేరు. ఒంట్లో పూర్వీకులు లేస్తారన్న ఊహ మన రీడింగ్ గ్రూపులో థ్రిల్లింగ్‌గానే ఉంటుంది. స్టువర్టుపురం కుర్రాడు ఉద్యోగానికెళ్ళి ఊరి పేరు చెప్పినప్పుడు, అవతలివాడి కళ్ళల్లో లేచేదీ ఆ ఊహే.