పసిబిడ్డకు నీళ్లు పోయడంలో బాలింత మాటెక్కడ?

పుట్టిన బిడ్డకు రోజూ నీళ్లు పోయాలా, రెండు రోజులకోసారి చాలా, బొడ్డు ఊడేదాకా ఆగాలా? హక్కుల గురించి రాసే పత్రికలో ఈ ప్రశ్న ఏమిటని ఎవరైనా అనుకుంటే ఆశ్చర్యం లేదు. వంటిల్లు, పురిటిగది, పెరట్లో నీళ్లపొయ్యి మన హక్కుల చర్చకు ఎప్పుడూ ఆవలే ఉండిపోయాయి. సంఘం పనిమీద బస్తీల్లోనూ ఊళ్లలోనూ బాలింతల మంచం పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు కనిపించింది ఒక్కటే. బిడ్డకు ఎప్పుడు ఎన్ని నీళ్లు పోయాలో నిర్ణయించేది ఒకరు. ఆ చాకిరీ చేసేది ఇంకొకరు. బిడ్డకు ఏదైనా అయితే నింద పడేది మాత్రం మూడో మనిషి మీద. ఆ మూడో మనిషి కన్నతల్లి.

ముందు వైద్యం ఏం చెబుతుందో చూద్దాం. తొమ్మిది నెలలు కడుపులో వెచ్చగా ఉన్న బిడ్డ ఒక్కసారిగా బయటి గాలిలోకి వస్తుంది. ఒంట్లో కొవ్వు తక్కువ, తన ఒంటిని తానే వెచ్చగా ఉంచుకునే శక్తి ఇంకా కుదురుకోదు. అప్పుడు తడిపితే ఒళ్లు చల్లబడుతుంది. చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగదు, నీరసించిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగాలని ఉంది. ఆచారం వల్ల అంతసేపు ఆగడం కుదరకపోతే ఆరు గంటలైనా ఆగమని అదే సంస్థ 2013లో చెప్పింది. నెలలు నిండకుండా, బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల విషయంలో ఆశా కార్యకర్తల శిక్షణ పుస్తకం ఇంకా గట్టిగా చెబుతుంది: బరువు రెండు కిలోలు దాటేదాకా స్నానమే వద్దు. ఇదేదో అరుదైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో బరువు తూచిన బిడ్డల్లో వందకు 18 మంది రెండున్నర కిలోల లోపే పుట్టారు.

ఆ తర్వాత కూడా రోజూ పోసి తీరాలన్న నియమం వైద్యంలో లేదు. మొదటి ఏడాది వారానికి రెండు మూడుసార్లు చాలు. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. మిగతా రోజుల్లో మెడ మడతలు, చంకలు, తొడల సందులు తుడిచి, మలమూత్రాలు ఎప్పటికప్పుడు కడగాలి, అంతే. అలాగని మే నెల ఎండల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు రోజూ నాలుగు చెంబుల గోరువెచ్చని నీళ్లు పోస్తే కొంప మునిగేదేమీ లేదు. ఎన్నిసార్లు అన్న లెక్క కంటే పోసే తీరు ముఖ్యం. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, ఎంతసేపు పోశారు, ఏం పెట్టి రుద్దారు, తర్వాత ఎంత త్వరగా తుడిచి తల్లి ఒంటికి చేర్చారు అన్నవే బిడ్డ క్షేమాన్ని తేలుస్తాయి.

మరి మొదటి రోజే కడిగెయ్యాలన్న తొందర ఎక్కడిది? బిడ్డ ఒంటి మీద వెన్నపూసలా తెల్లని పూత ఉంటుంది. చర్మాన్ని కాపాడేది, తేమ నిలిపేది అదే. నాలుగు రోజులు వదిలేస్తే దానంతటదే పోతుంది. మన ఇళ్లలో దానికి పేరు మురికి. దాన్ని రుద్ది వదిలిస్తే గాని చుట్టూ ఉన్నవాళ్లకు మనసు కుదుటపడదు. ఎందుకంటే పురుడు మొత్తమే మైల. బాలింత మైల, ఆమె తిన్న కంచం మైల, ఆమెను ముట్టుకున్న మంత్రసాని మైల. తెలుగు రాష్ట్రాల్లో నూటికి 95కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయని ఆ సర్వేయే చెప్పింది. కాన్పు ఆసుపత్రికి చేరింది గాని మైల ఇంటి గడప దగ్గరే కాచుకుని ఉంది. మూడో రోజో నాలుగో రోజో బిడ్డ ఇంటికి రాగానే నేరుగా నీళ్లపొయ్యి దగ్గరికే ప్రయాణం. ఇందులో తమాషా ఏమిటంటే, మైల పోవాలని బిడ్డను తొందరపడి కడిగే ఇల్లే, అదే మైల పేరు చెప్పి తల్లికి మాత్రం రోజులు లెక్కపెట్టి గాని తలకు పోయదు. బిడ్డకు ఆగవలసిన చోట ఆగరు, తల్లి అడిగినప్పుడు పోయరు.

నీళ్లు పోయడమంటే మనవైపు చిన్న పని కాదు. పెద్దామె పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ల మీద బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి పడుకోబెట్టి ఒళ్లంతా నూనె రాస్తుంది. మాడుకు ఆముదం పెడుతుంది. కాళ్లూ చేతులూ సాగదీస్తుంది, తల గుండ్రంగా రావాలని ఒత్తుతుంది, ముక్కు నిలబడాలని లాగుతుంది. తర్వాత కాగులోంచి వేడినీళ్లు. అదయ్యాక సాంబ్రాణి పొగ, దిష్టి చుక్క, గట్టిగా గుడ్డ చుట్టి నిద్ర. ఆ చేతుల్లో మెలకువ లేదని నేననను. మెత్తగా నూనె రాయడం బిడ్డకు మంచిదేనని వైద్యులూ ఒప్పుకుంటున్నారు. వద్దనాల్సినవి వేరే ఉన్నాయి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేస్తారు. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. రొమ్ముల్లో పాలున్నాయని పిండుతారు. తల్లి ఒంటి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా రొమ్ములు కాస్త ఉబ్బుతాయి, కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. పిండితే చీము పడుతుంది. పొగ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొయ్యి పొగ మనకే దగ్గు తెప్పిస్తే పది రోజుల పసిగుడ్డుకు ఎలా ఉంటుంది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది నలుగు. శనగపిండో పెసరపిండో పసుపు కలిపి, ముద్ద చేసి ఒళ్లంతా రుద్దుతారు. మగబిడ్డకూ పెడతారు, కాని ఆడబిడ్డ దగ్గరికి వచ్చేసరికి చేతి బలం మారుతుంది. ఒంటి మీద నూగు పోవాలి, రంగు తేలాలి, నుదుటి మీద వెంట్రుకలు పోవాలి. రేపు పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టాల్సిన పిల్ల అన్న ఆలోచన పదకొండో రోజు స్నానంలోనే మొదలవుతుంది. పసిపిల్ల చర్మం పెద్దవాళ్ల చర్మం కంటే పలచన. రుద్దిన చోట కందుతుంది, పొట్టు లేస్తుంది. పుట్టుకతో వచ్చిన నూగు నలుగు పెట్టినా పెట్టకపోయినా కొన్ని వారాల్లో రాలిపోతుంది. రంగు ఏ పిండికీ మారదు. ఆ పిల్ల ఏడుపును ఒళ్లు వదులవుతోంది అని మెచ్చుకుంటారు. ఆడపిల్ల శరీరం దిద్దవలసినదీ గీకవలసినదీ అని మొదటి పాఠం అక్కడ చెబుతున్నాం.

ఇదంతా జరిగేటప్పుడు తల్లి ఎక్కడ ఉంటుంది? చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని లోపల గదిలో. బిడ్డ ఏడుపు వినిపిస్తుంది, లేచి రాకూడదు. రెండేళ్ల కిందట ఒక సర్కారు ఆసుపత్రి పిల్లల వార్డులో, నిమ్ముతో వచ్చిన నెలబిడ్డ తల్లిని డాక్టరు నిలబెట్టి అడగడం చూశాను. ముక్కులో నూనె పొయ్యొద్దని చెప్పలేదా, చదువుకున్న దానివి కాదా అని. ఆ పిల్ల తల వంచుకుంది. అత్త వరండాలో కూర్చుని ఉంది, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత ఆ పిల్ల నాతో అన్నది రెండే మాటలు: "నేను వోసిన్నా అక్కా? నన్ను ఎవలన్న అడిగిన్రా?" తల్లికి అవగాహన లేదు అని మన ఆరోగ్య ప్రచారాలన్నీ మొదలవుతాయి. గోడల మీద బొమ్మలన్నీ తల్లివే, ఉపదేశాలన్నీ తల్లికే. ఆమెకు తెలిసినా చెప్పే అధికారం ఆ ఇంట్లో లేదన్న సంగతి ఏ పోస్టరులోనూ ఉండదు.

అలాగని అత్తలను తిట్టి ఊరుకోవడం తేలిక. అత్త కూడా ఒకప్పుడు ఆ లోపలి గదిలో దూది పెట్టుకుని పడుకున్నదే. మనవడి స్నానం దగ్గర తప్ప ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు ఇంకెన్ని ఉన్నాయి? పైగా ఇద్దరి నడుమ ఇంకొక స్త్రీ ఉంది. చాలా ఊళ్లలో బాలింతకు, బిడ్డకు నీళ్లు పోసేది చాకలి, మంగలి, దళిత కులాల ఆడవాళ్లే. పురిటి గుడ్డలు ఉతికేదీ వాళ్లే. మైల పనికి మైల కులం అని ఊరు పంచిపెట్టింది. పురుడు వెళ్లిన నాడు ఒక చీర, కొన్ని గింజలు, ఇష్టముంటే నాలుగు రూపాయలు. పట్నంలో ఇదే పనిని నెల జీతానికి చేస్తున్నవాళ్లున్నారు. పొద్దున నాలుగిళ్లు తిరిగి నలుగురు పసిపిల్లలకు పోసి, నడుము పట్టేసి ఇంటికి పోయే ఆ స్త్రీకి సెలవు లేదు, జబ్బు చేస్తే దిక్కు లేదు. బిడ్డకు ఏదైనా అయితే మరుసటి రోజు నుంచి పిలవరు. ఆమెకు కొత్త సంగతులు చెప్పిన శిక్షణ ఏదీ లేదు. డాక్టర్లు ఆమెను నాటు మనిషి అని తీసిపారేస్తారు. ఇంతమంది బిడ్డలు ఆమె చేతుల మీదుగా పోతుంటే ఆమెతో మాట్లాడకుండా ఎవరితో మాట్లాడతాం?

మాట్లాడితే ఫలితం ఉంటుందనడానికి రుజువులున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని శివగఢ్ ప్రాంతంలో బిడ్డను తల్లి ఒంటికి హత్తుకుని ఉంచడం, మొదటి స్నానం వాయిదా వేయడం వంటివి తల్లులకే కాక అత్తలకు, తండ్రులకు, ఇరుగుపొరుగులకు, ఊరి పెద్దలకు కూడా చెప్పారు. 2008లో ప్రచురించిన ఆ అధ్యయనంలో నెల లోపు శిశు మరణాలు మిగతా గ్రామాలతో పోలిస్తే 54 శాతం తక్కువగా తేలాయి. కాళేశ్వరం నుంచి గోదావరి దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపిన ప్రయోగం 1999లో వెలువడింది. అక్కడ తగ్గుదల 62 శాతం. ఒక్క స్నానం మానడం వల్లనే ఇంత జరిగిందని నేను చెప్పడం లేదు. వెచ్చదనం, పాలు, జబ్బును త్వరగా గుర్తించడం అన్నీ కలిసి పనిచేశాయి. కానీ వాళ్లు ఇంటి లోపలికి వెళ్లారు, కూర్చున్నారు.

ఆ అనుభవం మీదే 2011లో దేశమంతా ఆశాల గృహ సందర్శనలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి. మొదలుపెట్టినప్పుడు ఆ మొత్తం తిరుగుడుకూ కలిపి 250 రూపాయలు కట్టారు. ఆరుసార్లు గడప ఎక్కి, అత్తను ఒప్పించి, బిడ్డను తూచి, కాగితం నింపే పనికి అంత విలువ కట్టినవాళ్లు నీళ్లు పోసే ఆమెను లెక్కలోకి తీసుకోకపోవడంలో వింత ఏముంది? తెలంగాణలో 2017లో మొదలైన కిట్‌లో సబ్బు, నూనె, పౌడరు పెట్టారు. పసిబిడ్డకు పౌడరు అక్కర్లేదు, మొదటి వారాల్లో సబ్బు కూడా అంత అవసరం లేదు. పెట్టెలో పెట్టి పంచడానికి వస్తువులైతే వీలుగా ఉంటాయి. బాలింతకు మాట చెల్లే స్థితి పెట్టెలో పట్టదు మరి.

మగవాళ్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఇన్నేళ్లలో నీళ్లు పోసే పీట మీద కూర్చున్న తండ్రిని నేను చూడలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు కాన్పు సమయంలో 15 రోజుల సెలవు ఉంది. ఆ పదిహేను రోజుల్లో నీళ్లు కాచిందెవరు, గుడ్డలు ఉతికిందెవరు అని ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

మా సంఘంలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆశాతో పాటు మూడో రోజు మేమూ వెళుతున్నాం. అత్తను, అమ్మను, నీళ్లు పోసే ఆమెను కూర్చోబెట్టి, బాలింతను గది బయటికి పిలిచి, బిడ్డకు ఏం చేద్దామని ముందు ఆమెను అడుగుతున్నాం. మొదటిసారి చాలామంది జవాబు చెప్పరు, అత్త ముఖం చూస్తారు. రెండోసారికి, ఏడో రోజుకు, ఒకరిద్దరు నలుగు వద్దని అన్నారు. గత నెల మా సమావేశానికి నీళ్లు పోసే ఆడవాళ్లు నలుగురు వచ్చారు. నిమ్ము గురించి, నూనె గురించి అంతా విన్నాక వాళ్లలో పెద్దామె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "వారానికి మూడుసార్లే పొయ్యమంటున్నరు, మరి మా నెల పైసలు సగం కోస్తరా?" ముప్పై రోజుల జీతం ముప్పై రోజులకే ఇవ్వాలని ఆ వాడలో ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాం. ఇప్పటికి అయిదిళ్లు ఒప్పుకున్నాయి.