పావలా పోయినా పావలా వడ్డీ పోలేదు

2011 జూన్ 30తో పావలా బిళ్ల చెలామణి ఆగిపోయింది. అయినా తెలుగు ఊళ్లలో పావలా వడ్డీ, ముప్పావలా వడ్డీ, రూపాయి వడ్డీ అన్న మాటలు ఇవాళ్టికీ చెల్లుతూనే ఉన్నాయి. అప్పులిచ్చే బ్యాంకుల కాగితాల్లో మాత్రం ఈ లెక్క కనిపించదు. కనిపించాలి.

రూపాయికి మూలం సంస్కృతంలోని ‘రూప్య’ శబ్దం. ముద్ర కొట్టినది అని అర్థం. పాణిని వ్యాకరణంలోనే దీనికి సూత్రం ఉంది. పదహారో శతాబ్దంలో షేర్ షా సూరి సుమారు 178 గ్రెయిన్ల తూకంతో వెండి ‘రూపియా’ కొట్టించాక ఆ పేరు నాణేనికి స్థిరపడింది. రూపాయికి పదహారు అణాలు, నాలుగు అణాలైతే పావలా. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి అణాలు పోయినా, 25 పైసలను జనం పావలా అనే పిలిచారు.

ఈ పేర్లనే తెలుగువాళ్లు వడ్డీకి కొలతలు చేసుకున్నారు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. ప్రామిసరీ నోటులోనూ నెలకు నూటికి ఇంత అనే రాసుకుంటారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొదుపు సంఘాల మహిళల కోసం తెచ్చిన పథకానికి పేరే ‘పావలా వడ్డీ’. ఏడాదికి 3 శాతమన్న లెక్క ఆ పేరులోనే ఉంది.

చిక్కల్లా శాతాల దగ్గరే. ‘ఫ్లాట్ 12 శాతం’ అనగానే రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. పదివేలు తీసుకుని ఏడాదిలో తీర్చాలంటే నెలకు సుమారు 933 రూపాయల వాయిదా పడుతుంది. నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం పదివేల మీదే కట్టినట్టు. మిగిలిన అసలు మీద లెక్కేస్తే అది ఏడాదికి 21 శాతం పైమాటే. అంటే దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ!

2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు నిజమైన వార్షిక భారం ఎంతో చూపే పత్రం ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. మంచి పని. తెలుగు రాష్ట్రాల బ్యాంకులు ఆ పత్రంలో మరో వరుస చేర్చాలి: మిగిలిన అసలు మీద నెలకు నూటికి ఎన్ని రూపాయలు, ఎన్ని పైసలు? ఆ వరుస లేని కాగితం మీద సంతకం పెట్టేముందు అప్పు తీసుకునేవాళ్లే ఈ మాట గట్టిగా అడగాలి.