ఆ సంతకం పెడితే ఆసామికేం పోద్ది?

నవ్వమాకండి. నలభై దాటినాక నాటకం రాయడం నేర్చుకోడానికి పోయా.

బెజవాడ దగ్గర, కృష్ణ కరకట్ట పక్కన ఒక తోటలో మూడు రోజుల శిబిరం. కొత్తగా నాటకాలు రాసేవాళ్లకంట. ఫీజు లేదు, తిండీ పడకా వాళ్లదే. ఎవరు పెట్టారో పేరు చెప్పను. చెబితే గొడవంతా వాళ్ల మీదకి పోద్ది. నేను చెప్పబోయే సంగతి వాళ్లొక్కళ్లది కాదు.

నేను పదో తరగతితో బడి మానేసినోణ్ణి. కరపత్రాలు రాసి రాసి రాత నేర్చుకున్నా. మైకు ఇస్తే గంటసేపు మాట్లాడతా. కానీ నాటకంలో ఇద్దరు మనుషుల చేత మాట్లాడించమంటే, ఇద్దరూ నాలాగే ఉపన్యాసం ఇస్తారు. మంచోడు నా మాటలు చెబుతాడు. చెడ్డోడు నేను తిట్టడానికి వీలుగా మాట్లాడతాడు. ఈ జబ్బు తగ్గుద్దేమోనని పోయా.

మొత్తం ఇరవై మందిమి. అందులో ఆడపిల్లలు ముగ్గురే. రెండో రోజు పొద్దున, బుడమేరు వారగా ఉన్న ఊరి నుంచి వచ్చిన ఒక పిల్ల లేచి తన నాటకం చదివింది. వాళ్ల నాన్న కౌలు రైతు. నాటకంలో కథ పెద్దగా ఏం లేదు. 2024 సెప్టెంబరు వరదలో చేను మునిగింది. నష్టం రాయించుకోవాలంటే, అప్పు పుట్టాలంటే కౌలు కార్డు కావాలి. కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి. తండ్రి కాగితం పట్టుకుని ఆసామి ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. ఆసామి రాడు. కాఫీ వత్తది, సంతకం రాదు. అంతే నాటకం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామందికి ఆ అరుగు తెలుసు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం రాసుకోవచ్చంది, భూమి హక్కుకి ఏ ఢోకా లేదని ఆసామికి ధైర్యం కూడా చెప్పింది. అయినా సంతకం దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోద్ది. డెల్టాలో సాగు చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే అని అందరూ ఒప్పుకుంటారు. కాగితంలో మాత్రం వాళ్లు కనపడరు.

పిల్ల చదవడం అయిపోయింది. శిబిరంలో పాఠం చెప్పే పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకుని రెండు మాటలు చెప్పాడు. ఒకటి, సంఘర్షణ చాల్లేదు, ఒక చావు పెట్టు. రెండు, యాస తగ్గించు, పరిషత్తులో జడ్జీలకి శిష్టభాష ఉండాలి. ఆ పిల్ల తలకాయ దించుకుని కాగితం మీద కొట్టేసుకోవడం మొదలుపెట్టింది. "వత్తన్నా" కొట్టేసి "వస్తున్నాను" అని రాసుకుంది. పక్కనే కూర్చుని చూశా. నా గుండె కలుక్కుమంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల మాటే ప్రామాణికమని పేరు పడ్డది. పేపర్లూ, సినిమాలూ, రేడియో అన్నీ ఆ మాట మీదే పెరిగినయ్. శ్రీకాకుళపోళ్లు, సీమోళ్లు, తెలంగాణోళ్లు మన మీద కోపపడటంలో న్యాయం ఉంది. అయితే ఆ ప్రామాణికం కృష్ణా జిల్లాలో ఎవరిది? చదువుకుని పొలం ఉన్న ఇళ్లది. కాలవ గట్టు మీద గుడిసెల్లో, పల్లెల్లో, దివిసీమ మత్స్యకారుల పేటల్లో, లంకల్లో మాట్లాడే మాట అందులోకి ఎప్పుడు వచ్చింది? మన జిల్లా పేరు మీద చలామణి అయ్యే భాష, మన జిల్లా కూలోడి నోట్లో భాష కాదు. సొంత జిల్లాలోనే ఆ పిల్ల మాట "యాస" అయిపోయింది.

నాటకం చరిత్ర చూస్తే ఇది ఎంత అన్యాయమో తెలుస్తది. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడినప్పుడు గురజాడ మనుషుల చేత వాళ్ల మాటే మాట్లాడించాడు. అందుకే గిరీశం ఇంకా బతికున్నాడు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి "మా భూమి" రాశారు. తెలంగాణ రైతుల పోరాటం మీద నాటకం అది. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. జనానికి అర్థంకాని భాషలో ఉంటే, నిషేధించాల్సిన పని ప్రభుత్వానికి ఎందుకొచ్చేది? పొన్నెకల్లులో పుట్టిన నాజర్ బుర్రకథని ఎక్కడికి తీసుకుపోయాడో మీ తాతల్ని అడగండి. ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది. మోటూరి ఉదయం ఆ రోజుల్లోనే ఆడవాళ్ల బుర్రకథ దళం కట్టింది. మన శిబిరంలో ఇప్పుడు ముగ్గురు.

సరే, శిబిరాలు దండగా? కాదు. అదే చెబుదామని ఇదంతా రాత్తన్నా.

అదే రోజు సాయంత్రం వేరే ఆవిడ పాఠం చెప్పడానికి వచ్చింది. ఆవిడ ఆ పిల్ల నాటకాన్ని మా చేత చదివించింది. నేను ఆసామి, ఇంకో కుర్రాడు తండ్రి. రాసిన పిల్లని మాట్లాడవద్దంది, వినమంది. కొట్టేసిన మాటలు కాకుండా మొదట రాసిన మాటలే చదవమంది. చదవడం అయ్యాక సలహా ఏం ఇవ్వలేదు. ఒక్కటే అడిగింది: "ఆ సంతకం పెడితే ఆసామికేం పోద్ది?"

పిల్ల బిక్కమొహం వేసింది. నేను నోరు తెరవబోయా. నా దగ్గర జవాబు రెడీగా ఉంది గదా, భూస్వామి స్వభావం అని. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. రాత్రంతా ఆ పిల్ల వరండాలో కూర్చుంది. పొద్దున్నే కొత్త రంగం తెచ్చింది. ఆసామి ఆ పొలం మీద తనే పంట రుణం తీసుకుని ఉన్నాడు. సాగు చెయ్యకపోయినా. ఆ డబ్బు కూతురి చదువుకి కట్టేశాడు. సంతకం పెడితే కౌలుదారు బ్యాంకుకి పోతాడు, ఈ సంగతి బయటపడుద్ది. అందుకని కాఫీ పంపిస్తన్నాడు గానీ బయటికి రావట్లేదు.

చావు లేదు, కత్తి లేదు. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఆసామి మంచోడైపోయాడా? లేదు. పరువు ఆసామిది, మునిగింది కౌలుదారు. ఆ తేడా ఇప్పుడు ఇంకా గట్టిగా తగిలింది. నేను ఇరవై ఏళ్ల నుంచి కౌలు చట్టం మీద కరపత్రాలు పంచుతన్నా. సంతకం ఎందుకు ఆగుద్దో ఒక్క కరపత్రంలో కూడా ఇంత సూటిగా రాయలేకపోయా.

మంచి శిబిరం చేసేది ఇదే. భాష దిద్దదు, సరైన ప్రశ్న అడుగుద్ది. అమెరికాలో కనెక్టికట్‌లో 1964లో పెట్టిన యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్‌లో పద్ధతి కూడా ఇట్టాంటిదే. సెట్టింగుల ఆర్భాటం లేకుండా నటులు కాగితం చేతబట్టి కొత్త నాటకం ఆడతారు, రాసినోడు విని తిరగరాసుకుంటాడు. ఆగస్ట్ విల్సన్ అనే నల్లజాతి రచయిత బడి మధ్యలో మానేసి లైబ్రరీలో చదువుకున్నోడు. ఆయన నాటకాలు అక్కడి నుంచి మొదట్లో తిరిగొచ్చాయి. 1982లో ఒకటి తీసుకున్నారు. తన పేట జనం మాటలోనే రాశాడు, 1987లో పులిట్జర్ వచ్చింది. అంత దూరం ఎందుకు, కర్ణాటకలో హెగ్గోడు అనే చిన్న ఊళ్లో 1949లో నీనాసం మొదలైంది. వక్కతోటల మధ్య ఊరది. ఇవాళ అక్కడ నాటక శిక్షణ కేంద్రం ఉంది, ఊరూరా తిరిగి ఆడే బృందం ఉంది. ఆ ఊరు చేసిన పని కూచిపూడి, మొవ్వ ఉన్న జిల్లాకి చేతగాదా?

మనకి లేనిది తెలివి కాదు, ఏర్పాటు. ఏటా ఏప్రిల్ 16న కందుకూరి పుట్టినరోజుని నాటకరంగ దినోత్సవం అంటాం. దండ వేస్తాం, శాలువా కప్పుతాం. పరిషత్తు పోటీలున్నాయి, నందులున్నాయి. అవన్నీ పండిన పంటకి ఇచ్చే బహుమతులు. నారుమడి ఎవరు పోస్తన్నారు?

మా శిబిరానికి దరఖాస్తు పెట్టి రానోళ్లు చాలామంది. ఎందుకంటే అది నాట్ల టైము. మూడు రోజులు పోతే మూడు రోజుల కూలి పోద్ది. ఒక తమ్ముడు ఫోన్లో చెప్పాడు, "అన్నా, తిండి పెడతారు సరే, ఇంట్లో వాళ్లకెవరు పెడతారు?" అని. ఆడపిల్లలకి రాత్రి పడక గురించి ఇంట్లో చెప్పి ఒప్పించేవాళ్లు లేరు. ఉచితం అన్నంత మాత్రాన అందరికీ తలుపు తీసినట్టు కాదు.

కాబట్టి నా మాట ఇది. శిబిరాలు పెట్టేవాళ్లు నాట్లు, కోతలు లేని నెలల్లో పెట్టండి. వచ్చినోడికి కూలి డబ్బులు కట్టివ్వండి, దాన్ని దానం అనుకోమాకండి. ఒకసారి బెజవాడలో పెడితే ఇంకోసారి అవనిగడ్డలోనో కైకలూరులోనో పెట్టండి. రాసిన ప్రతి నాటకాన్ని ఒక్కసారైనా ఊళ్లో జనం ముందు చదివించండి. పరిషత్తు జడ్జీలు యాసకి మార్కులు కోయడం మానండి.

మీకూ ఒక మాట, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. శిబిరం వచ్చేదాకా ఆగమాకండి. నలుగురు కూడండి, ఒకళ్లు రాయండి, ముగ్గురు చదవండి. రాసినోళ్లు నోరుమూసుకుని వినండి. నాకు ఇదే బాగా కష్టమైంది.

ఆ పిల్ల వెళ్లేటప్పుడు బస్టాండు దాకా పోయా. బస్సెక్కేముందు నాటకం కాగితాలు తీసి చూపించింది. కొట్టేసిన చోటల్లా పైన మళ్లీ రాసుకుంది. "వత్తన్నా." సంక్రాంతికి వాళ్ల ఊళ్లో చదువుద్దంట. ఆసామి కూడా ఆ ఊరోడే. ముందు వరసలో కుర్చీ వేయిత్తానంది.