వెళ్లడం ఎలాగో ఎవరూ అడగలేదు

డంకెల్ ముసాయిదాకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచిన తరం నాది. 1994లో మన ప్రభుత్వం పార్లమెంటులో ఓటింగు లేకుండానే గాట్ ఒప్పందంపై సంతకం చేసింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అందుకే 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్లిపోదామని తీర్పు చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, కొంచెం సంతోషించాను. వ్యాపార కూటమి పెత్తనాన్ని సామాన్యులు కాదన్నారు గదా! తరువాత జరిగింది చూశాక ఆ సంతోషం మిగల్లేదు.

బ్యాలెట్‌లో అడిగింది ఒక్కటే: ఉండటమా, వెళ్లటమా? ఉమ్మడి మార్కెట్టులో ఉంటూ వెళ్లటమా, అన్నీ తెంచుకు వెళ్లటమా అని అడగలేదు. వెళ్దామన్న 51.9 శాతం మందీ కోరుకున్న దారి ఒకటి కాదు. పార్లమెంటుతో పని లేకుండానే నోటీసు ఇవ్వాలని చూశారు ప్రధాని థెరిసా మే. గయానాలో పుట్టిన భారత సంతతి స్త్రీ జీనా మిల్లర్ కోర్టుకెళ్లి, 2017 జనవరిలో అది చెల్లదనిపించింది. మార్చి 29న నోటీసు వెళ్లింది, రెండేళ్ల గడువు మొదలైంది. ఇంట్లో వాళ్లు ఏం కావాలో తేల్చుకోకముందే బేరానికి కూర్చున్నట్టయింది. పైగా జూన్‌లో ఎన్నికలు పెట్టి మే ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డి.యు.పి. సభ్యులు పదిమంది మద్దతే దిక్కయింది.

అసలు ముడి అక్కడే పడింది. 1998 శాంతి ఒప్పందం తరువాత ఐర్లండ్ సరిహద్దులో తనిఖీలు పోయాయి. బ్రిటన్ కూటమి వదిలితే సరుకుల తనిఖీ ఎక్కడో ఒకచోట పెట్టాలి. నేల సరిహద్దులో పెడితే శాంతికి ముప్పు, సముద్రం మీద పెడితే డి.యు.పి. ఒప్పుకోదు. ఆ శాంతి చర్చల్లో చోటు కోసమే 1996లో కాథలిక్, ప్రొటెస్టెంట్ స్త్రీలు కలిసి మహిళా కూటమి పెట్టుకున్నారు. మోనికా మెక్‌విలియమ్స్, పెర్ల్ సాగర్ ఎన్నికై వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నారు. ఈసారి ప్రధాని స్త్రీయే, డి.యు.పి. నాయకురాలు ఆర్లీన్ ఫాస్టర్ స్త్రీయే. అయినా ముడి విడలేదు.

2019 జనవరి 15న మే ఒప్పందాన్ని సభ 432-202 ఓట్లతో తిప్పికొట్టింది. మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెడితే ఒక్కటీ నెగ్గలేదు! తరువాత వచ్చిన బోరిస్ జాన్సన్ తనిఖీలను సముద్రం మీదికి నెట్టి, 2020 జనవరి 31న దేశాన్ని బయటికి తెచ్చారు.

నన్ను కలవరపెట్టేది మరొకటి. ఆ కూటమి వ్యాపారులదే, కాదనను. అయినా సమాన వేతనం సూత్రం దాని 1957 రోమ్ ఒప్పందంలోనే ఉంది. సమాన విలువగల పనికి సమాన వేతనం హక్కు బ్రిటన్ చట్టంలో చాలదని 1982లో చెప్పింది యూరప్ కోర్టే. ప్రాథమిక హక్కుల చార్టర్‌ను ఉంచాలని 2018లో ప్రభువుల సభ చేసిన సవరణను కామన్స్ సభ కొట్టేసింది. పాలిచ్చే తల్లులపై వివక్ష వంటి విషయాల్లో రక్షణ జారిపోకుండా 2023లో నిబంధనలు మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

ఇక్కడ మన సంగతేమిటి? 2019 నవంబరులో ఆర్‌సెప్ చర్చల నుంచి మన ప్రభుత్వం బయటికొచ్చింది. 2025 జూలై 24న అదే బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకం పెట్టింది. రెంటికీ ముందు పార్లమెంటులో ఓటు లేదు. మన రాజ్యాంగం దాన్ని తప్పనిసరి చేయలేదు. తప్పనిసరి చేయమని అడగటం డంకెల్ రోజుల్లోనే మొదలుపెట్టాం, ఇంకా అడుగుతూనే ఉన్నాం.