ఫోర్కుల మీద మనిషి
మేడ్చల్, శంషాబాద్ వైపు గోడౌన్లలో ర్యాకులు ఖాళీ చేసే రోజున తరచూ కనిపించే దృశ్యం ఇది: ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కుల మీద చెక్క ప్యాలెట్, దాని మీద ఓ కుర్రాడు, ‘ఇంకొంచెం లేపన్నా’ అని పైనుంచి కేక. ప్యాలెట్ సరుకు కోసం చేసింది. దానికి రెయిలింగూ లేదు, ఫోర్కులకు కట్టీ ఉండదు. నాలుగు మీటర్ల నుంచి జారితే నేల తగలడానికి సెకను కూడా పట్టదు, అప్పటికి వేగం గంటకు దాదాపు 32 కిలోమీటర్లు. హెల్మెట్ పెట్టించాం కదా అనే సూపర్‌వైజర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బెల్టు ఇచ్చినవాళ్లు కాస్త నయమే గానీ, దాని కొక్కెం తగిలించేది ర్యాకు బీముకే! ఆ బీము సరుకు మోయడానికి చేసింది, పడే మనిషి కుదుపును ఆపడానికి కాదు. లాక్ పిన్ను లేకపోతే, కిందినుంచి ఫోర్కు తగిలినా ఖాళీ బీము ఊడివస్తుంది. చట్టం సంగతి మరీ విచిత్రంగా ఉండేది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కోల్డ్ స్టోరేజీలో నిల్వను కూడా ఫ్యాక్టరీ పనిగానే లెక్కగట్టింది. అందుకే గుంటూరులో మిర్చి టిక్కీలు దించే హమాలీకి, ఎత్తు పనుల గురించి చెప్పే 32వ సెక్షన్ అండ దొరికింది. సరుకు దాచడం తప్ప మరేమీ జరగని మామూలు గోడౌన్‌కు ఆ లెక్క వర్తించలేదు. రెయిలింగ్ ఉన్న సిజర్ లిఫ్ట్ అద్దెకు దొరుకుతుంది. యజమానులూ, ఆ అద్దె కట్టండి; అది వచ్చేదాకా పై అర అలాగే ఉండనివ్వండి.