ప్రత్తికి పొరుగు లేదా?

దక్షిణాసియా దేశములు ఏడు కలసి 1985లో ఢాకా నగరమున సార్క్ అను సంఘము నేర్పరచుకొన్నవి. 2004లో ఇస్లామాబాదున స్వేచ్ఛా వాణిజ్యపు టొడంబడికపై సంతకములు చేసినవి. అది 2006 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దేశాధినేతలు కడపటిసారి కలసికొన్నది 2014లో, ఖాట్మండులో. ఈ దేశములు లోకముతో చేయు వర్తకమున తమలో తాము చేసికొనునది నూటికి సుమారు అయిదు వంతులు మాత్రమే. ఆగ్నేయాసియా దేశముల నడుమ నది నూటికి ఇరువదికి పైగా నున్నది. ఇంత సంతకములును ఇంత విందులును జరిగి మిగిలిన ఫల మిది.

ఇది రాయబారుల గొడవ, మన కేల యని పాఠకులు తలచవచ్చును. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడిలో కాపుర ముండువా రట్లు తలచుటకు వీలు లేదు. వరి పండించినవాడు ధర రానిచో నింటిల్లిపాదియు తిని బ్రతుకగలడు. ప్రత్తిని తినుట కెవనికిని సాధ్యము కాదు. మిరపకాయ యొక ఋతువునకు రెండు వీశెలు చాలును, మన ఆవకాయ జాడీలు ఎంత పెద్దవైనను సరే. తక్కినదంతయు నమ్మవలసినదే. కొనువాడు రానినాడు ఈ రెండు పంటలును బరువే గాని ధనము గాదు.

ఈ దూరపు లంకె క్రొత్తది గాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై లాంకషైరు మిల్లులకు ప్రత్తి యందకపోగా మన దేశపు ప్రత్తి కెన్నడు నెరుగని ధర పలికినది. 1865లో యుద్ధము ముగియగనే యా ధర కూలినది. మిరప మొక్కయే సముద్రము దాటి పోర్చుగీసువారితో వచ్చిన పరదేశి. మనకు మనమే చాలుదు మని గొంతు చించుకొను స్వయంపోషక వీరులు తమ విస్తరిలోని యెర్రని పచ్చడి చూచి యొక్కసారి యాలోచింతురు గాక.

ఇక పొరుగు సంగతి. పుల్వామా దారుణము పిమ్మట 2019 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము పాకిస్థాన్ సరకులపై నూటికి 200 వంతుల సుంకము విధించినది. ఆగస్టులో పాకిస్థాన్ మనతో వర్తకమునే నిలిపివేసినది. తలుపు పడుటకు ముందటి సంవత్సరమున మనము వారి కమ్మినది సుమారు 200 కోట్ల డాలర్ల సరకు; కొన్నది 50 కోట్ల డాలర్లకు లోపే. అమ్మినదానిలో ప్రత్తి ముఖ్యమైనది. 2021 మార్చి 31న పాకిస్థాన్ ఆర్థిక సమన్వయ సంఘము భారతదేశపు ప్రత్తిని, పంచదారను మరల కొనవచ్చునని తీర్మానించినది. మరునాడే వారి మంత్రివర్గ మా తీర్మానమును త్రోసిపుచ్చినది. ఒక్క రాత్రి! మిల్లులకు నూలు లేదని వా రేడ్చుచునే యుండిరి. మన జిన్నింగు మిల్లులలో బేళ్లు పడియే యుండెను. వారు అమెరికానుండియు బ్రెజిలునుండియు ఓడలపై తెప్పించుకొనిరి. ఈ శిక్ష యెవరికి పడినదో మా కింతవరకు నెవరును చెప్పలేదు.

నెత్తురోడుచుండగా వర్తకమా యని యడుగువారున్నారు. ఆ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. చనిపోయినవారి కుటుంబములకు ప్రత్తి ధర చెప్పుట మర్యాద గాదు. కాని హంతకుని వెదకి దండించుట వేరు, తిమ్మసముద్రపు రైతు సరకును దండించుట వేరు. ఈ వాదము చేయువారు తరచుగా కౌటిల్యుని నడ్డము తెత్తురు: ఎల్ల నంటిన రాజు శత్రువు, వానికి ఆవలివాడు మిత్రుడు. నిజమే, మండల ప్రకరణమున నట్లే యున్నది. అదే గ్రంథమున పణ్యాధ్యక్షుని ప్రకరణమున పరభూమి సరకులను అనుగ్రహముతో రప్పింపవలె ననియు, ఓడవర్తకులకును సార్థవాహులకును సుంకపు మినహాయింపు లీయవలె ననియు నున్నది. ఆరవ యధికరణము చదివినవారికి రెండవ యధికరణము కంటబడకపోవుట వింత. మరి ఫ్రాన్సు, జర్మనీలు ముందు స్నేహితులై పిదప వర్తకము చేసినవా? ఘోరయుద్ధము ముగిసి యారేండ్లయినను గాకముందే, 1951లో, తమ బొగ్గును ఉక్కును నొక యుమ్మడి యధికారము క్రింద నుంచినవి. మరొక యుద్ధము రాకుండుటకే యట్లు చేసినవి.

శత్రువు మాట యట్లుండనిండు. మిత్రుని మాట యేమి? బంగ్లాదేశ్ స్వల్పముగా మాత్రమే ప్రత్తి పండించును. తెచ్చుకొన్న ప్రత్తితో, నూలుతో లోకమునకు చొక్కాలు కుట్టును. మన నూలునకు ముఖ్యమైన కొనుగోలుదారు ఆ దేశము. గణపవరము, చిలకలూరిపేట వైపు నూలుమిల్లుల గొట్టములు చూచినవారికి ఇం దెన్ని కుటుంబముల కూడున్నదో తెలియును. 2025 ఏప్రిలులో మన ప్రభుత్వము వారి సరకులు మన రేవులగుండ పరదేశములకు పోవు సౌకర్యమును తీసివేసినది. అదే నెలలో వారు భూమార్గపు టంగళ్లగుండ మన నూలు రాకుండ నాపిరి. మేనెలలో మనము వారి దుస్తులకు భూమార్గము మూసితిమి. పంతమునకు పంతము! నూలు సముద్రముమీద పోవచ్చును గదా యందురు. పోవచ్చును, ఆలస్యముతో, అధిక వ్యయముతో. ఆ వ్యయము మెట్లు దిగి దిగి కడపట ప్రత్తి తీసిన యాడుకూలి గంపలో వచ్చి పడును.

దూరపువాని విషయమున మన ధైర్య మెట్లున్నదో చూడుడు. 2021లో విదేశపు ప్రత్తిపై మనము నూటికి 11 వంతుల సుంకము వేసికొంటిమి. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 వంతులకు పెంచు తరుణమున, ఆగస్టు 19న మన మా 11 వంతులను తీసివేసి, గడువును డిసెంబరు 31 దాక పొడిగించితిమి. అనగా క్రొత్త ప్రత్తి మన చేల విచ్చు మాసములలోనే. అమెరికా తన ప్రత్తి రైతు కిచ్చు సహాయ ధనము న్యాయము గాదని బ్రెజిలు ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించి గెలిచి, 2014లో 30 కోట్ల డాలర్ల పరిహారము పుచ్చుకొన్నది. బెనిను, బుర్కినా ఫాసో, చాద్, మాలి యను నాలుగు నిరుపేద దేశములు 2003లో నొక్కటై యదే మొర పెట్టినవి. కలసినవారి మాట యెంతో కొంత వినబడినది. మనము పొరుగువారితో కలసి ఏ మొరయు పెట్టలేదు. కలహించుటకే వేళ చాలదు.

మిరప దుఃఖము మరొక విధము. దానికి మద్దతు ధరయే లేదు. చీనా వర్తకుడు చేయి చాచిననాడు తేజా రకమునకు జాతర; ముడిచిననాడు శీతల గిడ్డంగులలో బస్తాల గుట్టలు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోగా కేంద్రము క్వింటాలునకు 11,781 రూపాయలని ప్రకటించినది; సాగు ఖర్చునకే చాలదని రైతులు మొరపెట్టిరి. నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి తెచ్చి, కౌలు ముందే కట్టి పైరు పెట్టినవానికి ప్రకటన తోడు రాదు.

వ్యవసాయము రాష్ట్రముల పట్టికలో నున్నది, విదేశ వాణిజ్యము కేంద్రపు పట్టికలో నున్నది. కావున పండించుమని చెప్పునది యొక ప్రభుత్వము, కొనువాని తలుపు మూయునది మరొకటి. మధ్య నెవరును జవాబుదారులు గారు. ఏ పొరుగు దేశముతో చేసికొను నొడంబడికలోనైన నొక్క నియమము చేర్పుమని మేము మన పార్లమెంటు సభ్యుల నడుగుచున్నాము: విత్తు నేలబడిన నాటినుండి కడపటి ప్రత్తి తీత, కడపటి మిరప కోత ముగియుదాక ఏ పక్షమును దారి మూయరాదు. మూసిన పక్షము, మూసిననాటి యార్డు ధరకును పిదపటి ధరకును గల వ్యత్యాసమును తన దేశపు రైతునకు తన ఖజానానుండియే చెల్లింపవలెను. రాబోవు జూనునెలలో ప్రత్తి గింజ చేతబట్టుటకు ముందే మన సభ్యులు దీనికి బదులు చెప్పవలసియున్నది.